గడప బయట విడిచిన బూట్లు

"ఆ బూట్లు ముట్టుకోకండి మేడమ్. అవి కేసు ప్రాపర్టీ."

ప్రాపర్టీ అట! ప్రాపర్టీ అయితే గుడ్డలో మూటగట్టి, సీలు వేసి, స్టేషన్లో పెట్టాలి. నిన్న పొద్దుటి నుంచి గడప బయట ఎండలో వదిలేసి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ఊరుకోరు. నేను ఇదే జిల్లాలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన దాన్ని. సీఐ దివాకర్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే నన్ను గుమ్మం దగ్గర ఆపాడు.

"ముట్టుకోను బాబూ, చూస్తాను. చూడటానికి కూడా కోర్టు ఆర్డరు కావాలా?"

"చూసి ఏం చేస్తారు? సాయంత్రం ఐదింటికి ముద్దాయిని మేజిస్ట్రేటు గారి ముందు పెడుతున్నాను. మీరు ప్రైవేట్ డిటెక్టివ్. మీకు ఇక్కడ పనేమీ లేదు."

"ఇంద్రాణి అనే పేరు కూడా ఉంది నాకు," అని గొంతుక్కూర్చున్నాను.

జరిగింది ఇది. సోమవారం అమావాస్య. ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గం కదలదు. మంగళవారం పొద్దున ఓబిలేష్ అనే నేతగాని భార్య రామాంజినమ్మ తమ మగ్గం షెడ్డు తలుపు తీసింది. మగ్గం కింద, నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంతలో, డాక్టర్ ఉదయ్ కుమార్ ముడుచుకుని పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. ఒళ్లు అప్పటికే చల్లబడిపోయింది. బూట్లు గడప బయట ఉన్నాయి.

ఉదయ్ కుమార్ వైద్యం చేసే డాక్టరు కాదు. ఆర్థికశాస్త్రంలో డాక్టరు. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తూ, రెండేళ్లుగా ఇక్కడి నేతగాళ్ల కూలి లెక్క తేల్చే పనిలో ఉన్నాడు. చైనా నుంచి వచ్చే ముడిపట్టు మీద దిగుమతి సుంకం తగ్గిస్తే నేతగానికి ఏమొస్తుంది, పెంచితే ఏం పోతుంది అన్నది అతని ప్రశ్న. ఈ శుక్రవారం ఢిల్లీలో ఒక కమిటీ ముందు నిలబడి దానికి జవాబు చెప్పాలి. చెప్పే మనిషి ఇప్పుడు అనంతపురం మార్చురీలో ఉన్నాడు.

పది రోజుల కిందట ఓబిలేష్ పట్టు బజారులో అందరూ చూస్తుండగా అతని చొక్కా పట్టుకున్నాడు. "నీ రాతల వల్ల మా కూలి పెరగకుండా పోతాది" అని అరిచాడు. దివాకర్‌కు ఇంకేం కావాలి? పైగా అమావాస్య నాడు ఓబిలేష్ ఊళ్లో లేడు, ఎక్కడున్నాడో చెప్పడు. హత్య కేసులో ఒకసారి లోపలికి పోతే పూచీ నిలబడడానికి కూడా ఎవరూ లేని మనిషి. ఆ ఇల్లు ఆ రోజుతో ఆరిపోతుంది.

ఇందులో నాకు మండిన సంగతి ఒకటుంది. ఓబిలేష్ కోసం నన్ను పిలిచింది అతని బంధువులు కాదు, నేతగాళ్ల సంఘం కాదు. చనిపోయిన మనిషి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న చంద్రిక. గురువును పోగొట్టుకుని ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన పిల్ల, ఆయన్ని చంపాడంటున్న మనిషిని కాపాడమని నా ఇంటికొచ్చింది.

బూట్ల దగ్గరికి వస్తాను. నల్లటి తోలు బూట్లు, పట్టీ వేసి బిగించేవి. రెండూ పక్కపక్కన, సర్ది పెట్టినట్టు ఉన్నాయి. ముక్కులు వీధి వైపు.

"దివాకర్, ఇవి ఇట్లే ఉన్నాయా? మీ వాళ్లెవరైనా జరిపారా?"

"ఫొటో కూడా ఉంది. ఇట్లాగే ఉన్నాయి."

"లోపలికి పోయే మనిషి బూట్లు విడిస్తే ముక్కులు ఎటు ఉంటాయి?"

అతను తెలివిలేని వాడు కాడు. నాలుగు నెలల కిందట కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చాడు, ఈ ఊరి సంగతులు ఇంకా ఒంటబట్టలేదు, అంతే. తొందర మాత్రం ఎక్కువ.

"లోపలికి ఉంటాయి. అయితే?"

"వీధి వైపు ఉన్నాయంటే ఎవరో తిప్పి పెట్టారు."

"ఓబిలేష్ తిప్పాడు. వాడి ఇల్లు, వాడి గడప. మీరు నా పని సులువు చేస్తున్నారు మేడమ్," అని బూటుకాళ్లతోనే షెడ్డులోకి నడిచాడు.

నేను చెప్పులు విడిచి వెనకే పోయాను. ఒకటే గది. మగ్గం మీద సగం నేసిన మామిడిపిందె అంచు చీర. గుంత చుట్టూ రాతి అంచు. ఆ రాతి మీద అరచేతి వెడల్పున ఎండిన నెత్తుటి మరక, అంతే. గుంతలో మట్టి పొడిగా, శుభ్రంగా ఉంది.

"తల పగిలిన మనిషి ఇందులో పడితే నెత్తురు ఏదయ్యా?"

"మట్టి పీల్చుకుంటుంది."

"నీ ముఖం పీల్చుకుంటుంది!" నోరు జారాను. అతని మొహం ఎర్రబడింది. నాకు సిగ్గు వేయలేదు. ఆ మనిషిని ఎక్కడో కొట్టి, ఇక్కడికి మోసుకొచ్చి పడేశారు. అది చూడడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

బయట అరుగు మీద రామాంజినమ్మ కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయేమో. రెండు రోజుల్లో ఇంకో పదేళ్లు మీద పడినట్టుంది. పక్కనే చంద్రిక.

"రామాంజినమ్మా, అమావాస్య నాడు మీరు యాడున్నారు?"

"గుమ్మఘట్టలో మా అన్న ఇంటికి పోయినానమ్మా. పొద్దున్నే పోయి, రాత్రికి వస్తిని. ఆయప్ప రాలేదు. రాప్తాడు దాకా పనుందని బస్సెక్కినాడు."

"ఏం పని?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకూ చెప్పలేదమ్మా. నిన్న జీపులో ఎక్కించేటప్పుడు చెవిలో చెప్పినాడు. ఆడ ఏదో కంపెనీలో వాచ్‌మన్ పని అడగను పోయినాడంట. గేటుకాడనే తరిమేసినారంట. పెద్దనేతగాడు అని పేరున్న మనిషి, కర్ర పట్టుకుని గేటుకాడ నిలబడతానని ఎట్ల చెప్తాడు? పోలీసోళ్లకు చెప్తే బజారంతా తెలుస్తాదని నోరు కట్టుకున్నాడు."

ఉరికంబం ఎక్కనైనా ఎక్కుతాడు గానీ ఆ మాట చెప్పడు! "మగ్గం ఉండగా వాచ్‌మన్ పనెందుకు?" అన్నాను.

జవాబు చంద్రిక చెప్పింది. "కూలి పెరగలేదు కదా మేడమ్. సార్ కనిపెట్టింది అదే. ముడిపట్టు రేటు పెరిగినప్పుడు, పట్టు ఇచ్చి నేయించుకునే షావుకార్లు వెంటనే కూలి కోసినారు. సుంకం తగ్గి రేటు దిగినప్పుడు మాత్రం కూలి పెంచలేదు. ఆ లాభం మధ్యలోనే ఆగిపోయింది. సుంకం తగ్గించొద్దు అని సార్ అనలేదు. తగ్గిస్తే ఆ లాభంలో నేతగానికి వాటా వచ్చేటట్టు షరతు పెట్టండి అని చెప్పబోయినారు."

"మరి ఓబిలేష్‌కు కోపం ఎందుకు?"

"షావుకార్ల సంఘం వాళ్లు వీళ్లకు ఇంకోలా చెప్పినారు. ఈ సారు సుంకం తగ్గకుండా అడ్డం పడతాండాడు, అందుకే మీ కూలి పెంచలేకున్నాము అని. ఓబిలేషన్న నమ్మినాడు. తర్వాత సారే వచ్చి కూర్చుని అంతా చెప్పినారు. ఇద్దరూ ఈ అరుగు మీదనే టీ తాగినారు."

"ఆ సారును మేము చంపుకుంటామా అమ్మా?" అంది రామాంజినమ్మ. "ఆయన కోసమని నా పెండ్లి చీర చెంగు కోసి తొడుగులు కుట్టినాను."

"ఏం తొడుగులు?"

లేచి లోపలికి పోయి, తలుపు వెనక మేకుకు తగిలించిన రెండు గుడ్డ సంచుల్లాంటివి తెచ్చింది. ఎర్ర పట్టు, నోటికి నాడా. చూసి నాకేమీ అర్థం కాలేదు.

"మగ్గం కాడికి చెప్పులు రానీము, గడప బయట ఇడిచినా ముక్కులు మగ్గం వైపు ఉండనీము. మాకు అది దేవుడు. ఆయనకేమో కాలికి బాగలేదు, బూట్లు ఇప్పకూడదు. మొదట్లో గడప బయటనే కూర్చుని మాట్లాడేటోడు. నాకు బాధనిపిచ్చింది. బూట్ల మీద ఇవి తొడుక్కుని రాండి సారూ అంటిని. రెండేండ్లుగా అట్లనే వస్తాండె."

"ఎంత బాగలేదు కాలికి?" చంద్రిక వైపు తిరిగాను.

"షుగర్ వల్ల కుడికాలి వేళ్లు మూడు తీసేసినారు మేడమ్. పరుపు మీద నుంచి దిగితే బూటు ఉండాల్సిందే. బూటు ముక్కులో ఒక మెత్తటి దిమ్మ ఉంటుంది, వేళ్లు లేని చోట ఆనడానికి. అది లేకపోతే నాలుగడుగులు వేయలేరు."

నేను లేచాను. "దివాకర్! ఆ కుడి బూటులో చేయి పెట్టి చూడు బాబూ. నేను ముట్టుకోకూడదన్నావు కదా."

విసుక్కుంటూనే చూశాడు. ఖాళీ. షెడ్డంతా, వాకిలంతా, మోరీ దాకా వెతికించాను. దిమ్మ లేదు.

"కుక్క ఎత్తుకుపోయుంటుంది," అన్నాడు.

"సరే, కుక్కే. ఇంకోటి చెప్పు. బూటు విడవలేని మనిషి కాలి నుంచి బూట్లు తీసి, తిప్పి గడప బయట పెట్టిందెవరు? మగ్గం దగ్గరికి శవం కూడా బూట్లతో పోకూడదు అనుకునే వాడు. మగ్గాల ఇంట్లో పుట్టిన వాడు."

"అదే నేనూ అంటున్నది. ఓబిలేష్!"

"ఓబిలేష్‌కు ఆ కాలి సంగతి తెలుసు. తన భార్య కుట్టిన తొడుగులు తలుపు వెనకే ఉన్నాయి. అతనైతే బూట్ల మీద అవి తొడిగేవాడు. తొడుగుల సంగతి తెలియని వాడు, మగ్గం మర్యాద మాత్రం తెలిసిన వాడు ఈ పని చేశాడు."

"కథ బాగుంది మేడమ్. మేజిస్ట్రేటు గారికి మాత్రం కథలు పనికిరావు. మూడింటికి ముద్దాయిని ఇక్కడికి తెచ్చి, ఎట్లా చేశాడో చూపించి, పంచనామా రాయిస్తున్నాను. షావుకార్ల సంఘం ప్రెసిడెంటూ, వాళ్ల సలహాదారూ సాక్షులుగా వస్తామన్నారు. పెద్దమనుషులు."

పెద్దమనుషులట. అయితే ముందు వాళ్లనే చూద్దామని బయల్దేరాను.

పట్టు వర్తకుల సంఘం ఆఫీసులో ఏసీ గది. ప్రెసిడెంటు హనుమంతరాయుడు లావాటి మనిషి, రాప్తాడు వైపు భూములున్న రైతు కుటుంబం. పట్టు వ్యాపారం తన తరంలోనే మొదలు. పక్కన విష్ణువర్ధన్, ముప్పై ఎనిమిది, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఢిల్లీలో సంఘం తరఫున మంత్రిత్వ శాఖల చుట్టూ తిరిగి, సుంకం తగ్గించమని అర్జీలు పెట్టి, వాదించే మనిషి.

"సోమవారం ఉదయ్ కుమార్ ఇక్కడికి వచ్చినాడా?"

"వచ్చినాడమ్మా," అన్నాడు హనుమంతరాయుడు. "మధ్యాన్నం. నేను భోజనానికి పోతాంటి. విష్ణుతో మాట్లాడమని చెప్పి పోయినా."

"ఏం మాట్లాడారు?"

విష్ణువర్ధన్ చిరునవ్వు నవ్వాడు. పుస్తకంలోంచి చదివినట్టుండే తెలుగు. "అభిప్రాయ భేదాలు మేడమ్. మా వాదన సులువు. సుంకం తగ్గితే ముడిపట్టు చౌకవుతుంది. చీర చౌకైతే గిరాకీ పెరుగుతుంది. గిరాకీ పెరిగితే కూలి పెరుగుతుంది."

"పోయినసారి తగ్గినప్పుడు పెరిగిందా?"

నవ్వు అక్కడే ఉంది గానీ కళ్లలోంచి పోయింది. "పరిస్థితులు వేరు."

"ఏందమ్మా నీ గోల! డిటెక్టివా, కూలోళ్ల లీడరా?" హనుమంతరాయుడు బల్ల చరిచాడు. "ఆ సారు పోవడం మాకూ బాధే. ఆయన కాగితాలు ఢిల్లీలో ఉండనే ఉన్నాయి కదా, మాకేం లాభం?"

"కాగితం ఎదురుప్రశ్నకు జవాబు చెప్పదు అన్నా. మనిషి లేకపోతే దాన్ని పక్కన పెట్టేస్తారు." విష్ణువర్ధన్ వైపు తిరిగాను. "ఇక్కడి నుంచి ఎలా పోయాడు?"

"ఆటోలో. నా కారులో దింపుతానన్నాను, వద్దన్నారు."

"మీ కారు ఎక్కనే లేదా?"

"ఏనాడూ ఎక్కలేదు."

"మీరు ఈ ఊరి వాళ్లేనా?"

"హైదరాబాద్. నాది ఢిల్లీ పని మేడమ్, మగ్గాల ఇళ్లకు నేను పోయింది లేదు." వాచీ చూసుకున్నాడు. "పంచనామాకు టైమవుతోంది. ఒక సాక్షిగా నా బాధ్యత నేను చేయాలి."

మెట్లు దిగుతూ కింద గచ్చు చూశాను. చివరి మెట్టు దగ్గర గచ్చంతా దుమ్ము పట్టి ఉంది. ఒక్కచోట మాత్రం కొత్తగా కడిగినట్టు తెల్లగా ఉంది. నీళ్లు లారీ మీద కొనుక్కునే ఊళ్లో ఎవరూ ఉత్తపుణ్యానికి గచ్చు కడగరు. పైకి మళ్లీ చూశాను. విష్ణువర్ధన్ కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు.

మూడింటికి షెడ్డు ముందు జీపు ఆగింది. ఓబిలేష్‌ను దింపారు. సన్నటి మనిషి, చేతులకు బేడీలు. భార్య వంక చూడలేక నేల చూపులు చూస్తున్నాడు.

సంఘం ఆఫీసులో విన్నదీ చూసిందీ దివాకర్ చెవిన వేసి, నేను షెడ్డు లోపల, మగ్గానికి అవతల నిలబడ్డాను. దివాకర్ బూట్లతో లోపలికి వచ్చాడు. ఫొటోగ్రాఫరు బూట్లతో వచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు టకటకా వచ్చారు. హనుమంతరాయుడు కిర్రుచెప్పులతో వచ్చి, "యాడ పడినాడప్పా?" అని గుంతలోకి తొంగి చూశాడు. ఓబిలేష్ వాళ్ల కాళ్ల వంక చూసి కళ్లు మూసుకున్నాడు. అతని కళ్లు ఎందుకు మూతపడ్డాయో ఆ గదిలో తెలిసిన వాళ్లు తక్కువ.

కారు వీధి చివర పెట్టి, ఫోనులో మాట్లాడుతూ విష్ణువర్ధన్ చివరగా వచ్చాడు. ధ్యాస ఫోను మీదే ఉంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంగ్లీషులో ఎవరికో శుక్రవారం సంగతి చెబుతూ, గడప దగ్గర ఆగాడు. కాలితో కాలు తొక్కి బూట్లు విడిచాడు. మళ్లీ పాదంతోనే వాటిని నెట్టి, ముక్కులు వీధి వైపు తిప్పాడు. లోపలికొచ్చి, ఖాళీగా ఉన్న చేతిని మగ్గం కర్రకు ఆనించి, కళ్లకు అద్దుకున్నాడు.

ఫోను అట్లాగే చెవి దగ్గరుంది. చంద్రిక నా చేయి గట్టిగా పట్టుకుంది.

"దివాకర్," అన్నాను. "గడప చూడు."

చూశాడు. సుద్దగీత లోపల ఉదయ్ కుమార్ బూట్లు. వాటి పక్కనే విష్ణువర్ధన్ బూట్లు. రెండు జతలూ ఒకే తీరుగా, ముక్కులు వీధి వైపు. దివాకర్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. తర్వాత ఆ గదిలో ఉన్న కాళ్లన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"విష్ణువర్ధన్ గారూ," అన్నాడు నెమ్మదిగా, "మగ్గాల ఇళ్లకు మీరు పోయింది లేదని విన్నాను."

"మర్యాద కోసం విడిచాను. నేరమా?"

"కాదు," అన్నాను నేను. "కారు తాళం ఇవ్వండి."

"దేనికి?"

"ఉదయ్ కుమార్ ఏనాడూ ఎక్కలేదన్నారు కదా. ఎక్కలేదని చూసి పోతాము."

అతను తాళం ఇవ్వలేదు. దివాకరే అతని చేతిలోంచి తీసుకున్నాడు. ఆ ఒక్క పనికి ఆ పిల్లవాడి తొందరంతా క్షమించేశాను. సాక్షి కావాలి కదా, హనుమంతరాయుణ్నే వెంట తీసుకుపోయాడు. మేమంతా కదలకుండా నిలబడ్డాము. పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది.

తిరిగి వచ్చినప్పుడు దివాకర్ చేతిలో రుమాలు ఉంది. రుమాలులో కోడిగుడ్డంత మెత్తటి దిమ్మ, ఒక పక్క పాదం ఒత్తుకుని గుంట పడింది. చంద్రిక చూసి బావురుమంది.

"వెనక సీటు కింద ఉండాది," అన్నాడు హనుమంతరాయుడు. పెద్ద గొంతు పీలగా అయిపోయింది. "విష్ణూ, ఏమప్పా ఇది? ఏం చేసినావు?"

విష్ణువర్ధన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మెట్ల మీద మాటా మాటా వచ్చింది. కమిటీకి నిజమే చెప్తానన్నాడు. నెట్టినాను. కొట్టాలని కాదు. పడిపోయి మళ్లీ లేవలేదు. అమావాస్య నాడు మగ్గం కాడ ఎవరూ ఉండరని, చీకటి పడినాక ఇక్కడికి తెచ్చినాను."

ఆ నెట్టినాను అన్న సీమ యాసతో ఢిల్లీ, హైదరాబాదు రెండూ ఎగిరిపోయాయి.

"బూట్లు కారులోనే ఎందుకు తీశావు?" అడిగాను.

"బూట్లతో మగ్గం గుంతలోకి యాడ దించేది మేడమ్?" అన్నాడు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "మా నాయన కూడా గుంత మగ్గమే. అందులో కూర్చునే నన్ను చదివించినాడు."

దివాకర్ సైగ చేస్తే కానిస్టేబులు ఓబిలేష్ బేడీలు విప్పాడు. ఓబిలేష్ మణికట్లు రుద్దుకుంటూ నిలబడ్డాడు. కదిలే ఓపిక లేదో, నమ్మకం లేదో. రామాంజినమ్మ మాత్రం కదిలింది. మొగుణ్ని దాటుకుని వచ్చి, విష్ణువర్ధన్ ఎదురుగా ఆగింది. కొడుతుందేమోనని దివాకర్ అడ్డం రాబోయాడు. ఆమె చేయి ఎత్తలేదు.

"మగ్గం మైలపడకూడదని చచ్చినోని బూట్లు ఇప్పినావు," అంది. "ఆ మగ్గంలో కూర్చునేటోడిని ఉరికి పంపుతాండాననే తలపు నీకు రానేలేదా నాయనా?"

విష్ణువర్ధన్ ఢిల్లీలో ఎంతమంది ముందో గడగడా వాదించిన మనిషి. తల తిప్పి, గడప బయట ఉన్న తన బూట్ల వంక చూశాడు. ఎర్ర పట్టు తొడుగులు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి. వాటిని గుండెకు హత్తుకుని, ఆమె ఆ జవాబు కోసం అక్కడే నిలబడింది.